ఆగ్నేయం మూలన విమానాశ్రయం

మా చెల్లెలు సరళ విశాఖపట్నంలో ఇల్లు అద్దెకిచ్చి, కొచ్చిలో కొడుకు దగ్గర ఉండడానికి వెళుతోంది. మధ్యలో శంషాబాద్‌లో విమానం మారాలి. మొదటి విమానం పదకొండూ పదికి దిగుతుంది, రెండోది రెండూ నలభైకి బయలుదేరుతుంది. టికెట్లు వేరువేరుగా కొన్నారు కాబట్టి ఆమె సామాను తీసుకుని బయటికి వచ్చి, మళ్ళీ లోపలికి వెళ్ళాలి. ఒంటిగంటా పదికి లోపలికి వెళ్ళిపోతుందనుకుంటే, మా ఇద్దరికీ దొరికేది మహా అయితే గంటన్నర. మేము కలుసుకుని ఐదేళ్ళయింది. ఆమె గృహప్రవేశానికి నేను వెళ్ళలేదు. మనవడి అన్నప్రాసనకూ వెళ్ళలేదు. రెండుసార్లూ కారణం ఒక్కటే, నన్ను వెంటబెట్టుకు వెళ్ళేవాళ్ళకు సెలవు దొరకలేదు.

నేను ఒంటరిగా ఎక్కడికీ వెళ్ళను. పెళ్ళయి హైదరాబాదు వచ్చిన మొదటి నెలలో కరివేపాకు కోసం సందు చివరికి వెళ్ళి, మూడు గంటల తరువాత ఎవరో రిక్షా ఎక్కించి పంపితే ఇల్లు చేరాను. మావారు ఆ సంగతిని ప్రతి పెళ్ళిలోనూ, ప్రతి పేరంటంలోనూ చెప్పి నవ్వించేవారు. ఆయన మనసులో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. కొన్నాళ్ళకు ఆయనకంటే బాగా నేనే చెప్పడం నేర్చుకున్నాను. కరివేపాకు వాడిపోయిన వివరం నేను కలిపినదే. ముప్ఫై నాలుగేళ్ళు లెక్కల టీచరుగా పనిచేసినా, బడికి రోజూ ఒకే బస్సులో, తోటి టీచర్లతో కలిసే వెళ్ళాను. "నాకు దారులు తెలియవు" అనడం నా పేరు చెప్పినంత సులువుగా నోట్లోంచి వచ్చేది.

ఇప్పుడు నేను ఉండేది బుద్వేల్‌లో, మా అమ్మాయి ఇంట్లో. ఆ రోజు అమ్మాయికీ అల్లుడికీ ఆఫీసు తప్పదు. అందుకని అమ్మాయి ఆఫీసు నుంచే ఫోనులో కారు బుక్ చేసింది. తొమ్మిదింటికి డ్రైవరు ఫోన్ చేసి, మెయిన్ రోడ్డు నుంచి లెఫ్ట్ సందులో రావాలా, రైట్ సందులో రావాలా అని అడిగాడు. లెఫ్ట్ అని గట్టిగా చెప్పాను. అతను అక్కడే పది నిమిషాలు నిలబడి, నేను కనిపించక, బుకింగ్ రద్దు చేసుకుని వెళ్ళిపోయాడు. మా ఇల్లు రైట్ సందులో ఉంది. తొమ్మిదీ ఇరవైకి అమ్మాయి ఫోన్ చేసి, వేరే కారు దొరకడం లేదని, తను బయలుదేరి వచ్చేసరికి పన్నెండవుతుందని, పిన్నిని ఈసారికి వదిలేసి మరోసారి చూద్దామని అంది. మరోసారి అన్న మాట నేను అన్నప్రాసనప్పుడూ విన్నాను, గృహప్రవేశమప్పుడూ విన్నాను. తాళం వేసి బయటికి వచ్చాను.

మీరు కూడా బుద్వేల్, రాజేంద్రనగర్ వైపు నుంచి వెళుతుంటే గుర్తుంచుకోండి, ఆరాంఘర్ చౌరస్తా దాకా ఆటోకు నా దగ్గర ఎనభై రూపాయలు తీసుకున్నారు. పదిహేను నిమిషాల ప్రయాణం. అక్కడ శంషాబాద్ వెళ్ళే సిటీ బస్సు పదీ అయిదుకి దొరికింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు సున్నా టికెట్టు ఇస్తారు, కార్డు మరచిపోకండి. పక్కింటావిడ ఆరాంఘర్ నుంచి విమానాశ్రయం మలుపుకు ఇరవై అయిదు నిమిషాలు పడుతుందని చెప్పి ఉండడంతో, చేతిసంచిలోని చిన్న పుస్తకంలో "10.30 దిగాలి" అని రాసుకుని కూర్చున్నాను.

గగన్‌పహాడ్ దగ్గర రోడ్డు పని జరుగుతోంది. బస్సు పది నిమిషాలు కదలలేదు. నేను రోడ్డు చూడలేదు, గడియారం చూశాను. సరిగ్గా పదిన్నరకి లేచి నిలబడ్డాను. మలుపు ఇంకా రాలేదు, కూర్చోమని కండక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. మీరు మాట్లాడుతున్నది లెక్కల టీచరుతో అని మనసులో అనుకుని దిగిపోయాను. బస్సు వెళ్ళాక బోర్డు చదివితే సాతంరాయి అని ఉంది.

రోడ్డు పక్కన బైకు ఆపుకున్న ఒకతన్ని దారి అడిగాను. మర్యాదగానే చెప్పాడు. స్ట్రెయిట్ వెళ్ళి, లెఫ్ట్ తీసుకుని, ఫ్లైఓవర్ కింద యూటర్న్ కొట్టి, మళ్ళీ రైట్ అన్నాడు. నేను తలూపి, స్ట్రెయిట్ అని తోచిన వైపు వంద అడుగులు నడిచి, అనుమానం వచ్చి వెనక్కి తిరిగాను. వెనక్కి తిరిగాక ఎడమ కుడి అయింది, కుడి ఎడమ అయింది. రెండోసారి కూడా అంతే. ఇదిగో, మళ్ళీ అదే కథ, ఈసారి కరివేపాకు కూడా లేదు అనుకున్నాను. సరళకు ఫోన్ చేసి రాలేకపోయానని చెప్పడానికి తగిన మాటలు కూడా వెతుక్కున్నాను.

అక్కడే రేకుల షెడ్డు కింద జొన్న రొట్టెలు కాల్చే ఒకావిడ ఇదంతా చూస్తోంది. యాభై ఏళ్ళుంటాయి, పేరు యాదమ్మ అని తరువాత చెప్పింది.

"ఏంది పెద్దమ్మా, గట్ల ఒకసారి అటు పోతరు, ఒకసారి ఇటు వస్తరు? కాళ్ళు నొయ్యవా?"

కూర్చోమని స్టూలు జరిపి, చెంబుతో నీళ్ళిచ్చింది. నేను విషయం చెప్పి, అలవాటు ప్రకారం నాకు దారులు తెలియవని, పెళ్ళయిన కొత్తల్లోనే తప్పిపోయానని కూడా చెప్పాను. ఇంకొకరైతే నవ్వేవారు. ఈవిడ రొట్టె తిప్పుతూ, బైకతను ఎలా చెప్పాడని అడిగింది. లెఫ్టూ రైటూ అంతా అప్పజెప్పాను.

"గది బండి తోలేటోళ్ళ లెక్క. నాకు గూడ సమజ్ కాదు. మీ ఇంట్ల పొయ్యి ఏ మూలకున్నది?"

"ఆగ్నేయం మూల," అన్నాను. ఆ ప్రశ్న ఎందుకో నాకు అర్థం కాలేదు.

"ఇగ గిక్కడ కూసోని ఆగ్నేయం చూపెట్టుండ్రి."

ఆలోచించకుండానే చెయ్యి చాచాను. రోడ్డు మీదుగా, అవతలి ఇళ్ళ కప్పుల మీదుగా. నేను చూపించిన వైపే ఒక విమానం కిందికి దిగుతోంది.

యాదమ్మ రొట్టె మీద నీళ్ళు చల్లి, నా వేలు వైపు ఒకసారి, నా ముఖం వైపు ఒకసారి చూసింది. "మరి దారి తెల్వదంటరేంది?"

ఆమె అత్తగారివాళ్ళు ఒకప్పుడు ఆ వైపు చెలకల్లో, అంటే మెట్ట చేలల్లో, జొన్న వేసేవారట. అందువల్ల ఇప్పటికీ ఆ దారులన్నీ ఆమెకు తూర్పూ పడమరల్లోనే ఉన్నాయి. ఈ పెద్ద రోడ్డు దక్షిణానికి పోతుంది, శంషాబాద్ రాకముందే విమానాశ్రయం రోడ్డు తూర్పుకు విడిపోతుంది, ఆ మలుపులో దిగితే లోపలికి పోయే బస్సు దొరుకుతుంది. ఇంతే చెప్పింది. నాకు మొత్తం దారి అరచేతిలో గీసినట్టు కనిపించింది. మా ఊళ్ళో గిన్నె జరపమన్నా ఉత్తరం పక్కకు జరపమనేవాళ్ళం, మంచం వేసినా తూర్పు గోడకు వేసేవాళ్ళం. హైదరాబాదు వచ్చాక అందరూ నాకు మరో కొలబద్దతో దారి చెప్పారు. అది నాకు పట్టలేదు. పట్టనిది ఆ కొలబద్ద అని తెలుసుకోకుండా, నాకు తెలివే లేదని రాసేసుకున్నాను.

రొట్టె ఒకటి పదిహేను రూపాయలు. నాలుగు రొట్టెలు, ఎల్లిపాయ కారం కట్టించుకున్నాను. కారానికి డబ్బు తీసుకోలేదు.

పదకొండింటికి షేర్ ఆటో ఎక్కాను, మలుపు దాకా ఇరవై రూపాయలు. ఎయిర్‌పోర్టు బస్సు ఆగేది రోడ్డుకు తూర్పు పక్కనా, పడమటి పక్కనా అని డ్రైవరును అడిగాను. అతను కాసేపు ఆలోచించి, పొద్దు పొడిచే పక్కన అన్నాడు. ఆటో నడపబట్టి పన్నెండేళ్ళయిందట. "గిట్ల అడిగినోళ్ళు మీరే ఫస్టు అమ్మా. జర నాక్కూడ పరేషాన్ అయింది" అని నవ్వాడు. మలుపులో పదిహేను నిమిషాలు నిలబడ్డాక బస్సు వచ్చింది, యాభై రూపాయల టికెట్టు. కిటికీలోంచి చూస్తూ, రోడ్డు వంపు తిరిగినప్పుడల్లా ఇప్పుడు తూర్పు, ఇప్పుడు దక్షిణం అని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఒక్కటీ తప్పలేదు. చిన్న పిల్లలు ఎక్కం అప్పజెప్పి టీచరు వైపు చూస్తారే, అలా చుట్టూ చూశాను. ఎవరూ గమనించలేదు.

పదకొండూ నలభై అయిదుకి ప్రయాణికులు బయటికి వచ్చే ద్వారం దగ్గరికి చేరాను. సరళ ట్రాలీ పట్టుకుని నిలబడి ఉంది. ఆమె కళ్ళు నన్ను దాటి నా వెనక ఎవరో ఉన్నట్టు వెతుకుతున్నాయి.

"అమ్మాయేది? అల్లుడుగారు కారు పెట్టి వస్తున్నారా?"

"ఎవరూ రాలేదు. నేనే వచ్చాను."

ఆమె ట్రాలీ వదిలేసింది. అది నెమ్మదిగా దొర్లి ఒక పెద్దమనిషి పెట్టెకు తగిలి ఆగింది. ఆయనకు క్షమాపణ చెప్పాల్సింది ఆమె, చెప్పింది నేను.

ద్వారానికి ఎదురుగా తినుబండారాల దుకాణాలున్న ఆవరణలో కూర్చోవడానికి చోటు ఉంటుంది. కాఫీ ఒకటి నూట ఎనభై రూపాయలు, అందువల్ల ఒకటే కొని ఇద్దరం తాగాము. రొట్టెలు విప్పాము. ఎల్లిపాయ కారం తిని సరళ కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, నేను సాతంరాయిలో దిగిన వైనం విని, పొలమారేదాకా నవ్వింది. తరువాత ఉన్నట్టుండి నవ్వాపి, కరివేపాకు కథ తను ఎప్పుడూ నమ్మలేదంది. చిన్నప్పుడు పొగమంచు పట్టిన ఉదయాల్లో, కాలవ కూడా కనపడని చేలగట్ల మీద తమని నలుగురినీ బడికి నడిపించింది ఎవరని అడిగింది.

"ఉత్తరపు గట్టు వదలకండి అని నువ్వు అరిచేదానివి. మేము నీ గొంతు పట్టుకుని నడిచేవాళ్ళం. అలాంటిదానికి దారులు తెలియవని బావగారు చెబుతుంటే, నువ్వు కూడా ఆయనతో కలిసి నవ్వేదానివి. నాకు ఒళ్ళు మండేది."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా?"

"నీకు చెప్పడమా? క్లాసులో నిలబెట్టేదానివి."

నాకు ఆ గట్లు గుర్తు లేకపోలేదు. అయితే వాటిని ఎప్పుడూ ఈ విషయానికి సాక్ష్యంగా తీసుకోలేదు. కరివేపాకు ఒక్కదాన్నే తీసుకున్నాను.

గంటా ఇరవై అయిదు నిమిషాలు కూర్చున్నాము. ఒంటిగంటా పదికి లిఫ్టులో పైకి వెళ్ళి, లోపలికి వెళ్ళే ద్వారం దగ్గర ఆమెను వదిలాను. టికెట్టు చేతిలో పట్టుకుని సరళ, కొచ్చిలో ఇల్లు సర్దుకోగానే రావాలని అంది. వస్తానన్నాను.

"ఎవరితో వస్తావు?"

"ఎవరితోనూ కాదు."

ఆమె నా చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి లోపలికి వెళ్ళింది. పోలీసాయనకు కార్డు చూపించేటప్పుడు కూడా ఆమె నవ్వుతూనే ఉంది. నేను అద్దంలోంచి చూశాను.

తిరుగు ప్రయాణం గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు, అదే దానిలో విశేషం. ఎయిర్‌పోర్టు బస్సులో నేరుగా ఆరాంఘర్‌కు వచ్చి, ఆటో ఎక్కాను. ఆటోవాలా మా వీధి దగ్గర ఎటు అని అడిగితే, తూర్పు వైపు సందు అన్నాను. అతను నేను చూపించిన వైపు తిరిగాడు, సరిపోయింది. రెండూ యాభైకి ఇంట్లో ఉన్నాను. సరళ పెట్టిన మెసేజ్ చూసి మూడింటికి అల్లుడు ఫోన్ చేసి, ఆఫీసులో పర్మిషన్ దొరికింది, ఎక్కడున్నారో చెప్పండి అత్తయ్యా, వచ్చి తీసుకెళతానన్నాడు. కాఫీ కలుపుకుంటున్నాను, తాగాలంటే నువ్వే రా అన్నాను.

బడిలో ఒక పిల్ల ఒక లెక్క తప్పు చేస్తే, ఆ లెక్క పక్కనే ఎర్ర గీత గీసేదాన్ని. ఈ పిల్లకు లెక్కలు రావని ప్రోగ్రెస్ కార్డు మీద ఎన్నడూ రాయలేదు. అలా రాసిన కొత్త టీచర్లను పిలిచి మందలించాను కూడా. నా విషయంలో మాత్రం ఒక్క మధ్యాహ్నపు తప్పును పట్టుకుని కార్డంతా నింపేసి, నలభై ఆరేళ్ళు దాని మీద నేనే సంతకం పెడుతూ వచ్చాను. ఆ కథ నవ్వు తెప్పించేది, అందరినీ దగ్గర చేసేది, నన్ను ఎక్కడికీ కదలనివ్వకుండా సుఖంగా కూర్చోబెట్టేది కూడా. దాని ఖరీదు ఒక గృహప్రవేశం, ఒక అన్నప్రాసన, చెల్లెలితో గడపాల్సిన ఐదేళ్ళు. మీకు కూడా మీ గురించి మీరు చెప్పుకునే ఇలాంటి కథ ఒకటి ఉంటుంది. దాన్ని పారేయమని నేను చెప్పను. ఎంత పాతదైనా ఒక్కసారి లెక్క మళ్ళీ చేసి చూసుకోండి. జవాబు తప్పని తేలితే సిగ్గుపడనక్కరలేదు, నాకైతే ఇల్లు చేరేదాకా నవ్వు ఆగలేదు. ఈ రాత ముగించగానే కొచ్చి టికెట్లు చూడబోతున్నాను, ఒకటే సీటు.

వెళ్ళేవాళ్ళకు ఒక సలహా: ఆరాంఘర్ నుంచి శంషాబాద్‌కు ఉదయం పూట వెళితే ఎండంతా తూర్పు కిటికీల మీద పడుతుంది, బస్సులో పడమటి వైపు సీటు చూసుకోండి. కండక్టరు కూర్చోమంటే మాత్రం, గడియారం ఏమన్నా, కూర్చోండి.