పసుపు స్టిక్కర్ ప్లేట్లు

ఆమెను ఇంట్లో అందరూ పిల్లి అనేవాళ్ళు. ముద్దుపేరు కాదు. కాలుగాలిన పిల్లి అన్న మాటలో ముందు ముక్క వాడకంలో అరిగిపోగా మిగిలింది అది. చిన్నప్పుడు కంచం చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరుగుతూ అన్నం తినేది. పెళ్ళయి, పాప పుట్టి, కణతల దగ్గర నాలుగు వెంట్రుకలు నెరిశాక కూడా ఆ గుణం పోలేదు. పొయ్యి మీద పాలు పెడితే పొంగేదాకా నిలబడేది కాదు. ఇంకో పనిలోకి దూకేది, పాలు పొయ్యిపాలయ్యేవి. అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం మాత్రం ఎదురుచూడటమే పనిగా ఉన్నది.

కంటిజబ్బుల మీద పరిశోధన చేసే చోట ఆమె కణాలు పెంచేది. కంటి వెనక గోడకు వెలుతురును పట్టుకునే పలచని పొర ఉంటుంది. దాన్ని రెటీనా అంటారు. అది ఎందుకు చెడుతోందో తెలుసుకోవాలని బతికున్న మనిషి కంట్లోంచి ముక్క కోసి చూడలేరు కదా. అందుకని రోగి రక్తం కొంచెం తీసుకుని, అందులోని కణాలను ఏ అవయవంగానైనా ఎదగగల పసితనానికి వెనక్కి మళ్ళిస్తారు. తర్వాత నెలల తరబడి వాటికి మేతగా పోసే ద్రవం మారుస్తూ, రెటీనాగా ఎదిగేలా బుజ్జగిస్తారు. చివరికి ఆవగింజల్లాంటి ఉండలు తయారవుతాయి. మైక్రోస్కోపు కింద వాటి అంచున సన్నని నూగు కనిపిస్తే, వెలుతురు పట్టే కణాలు బాగా ఎదుగుతున్నాయని గుర్తు.

ప్లేట్లలో పాత ద్రవం తీసి కొత్తది పొయ్యడం, వాటిని ఒంటివేడి ఉండే పెట్టెలో తిరిగి పెట్టడం ఆమె పని. పెట్టాక వదిలెయ్యాలి. ఆమెకు చేతకానిది అదే. ఏదో వంక పెట్టుకుని పెట్టె తలుపు తీసేది.

"పొదిగే కోడిని మాటిమాటికీ లేపితే పిల్లలవుతాయా అమ్మా?" అనేది పెద్ద మేడమ్. ఆ ల్యాబ్‌ను నడిపేది ఆవిడే. కోప్పడినా గొంతు పెంచేది కాదు.

ఆమె ఆ ఉద్యోగంలో చేరిన కొన్నేళ్ళకు, బస్సు డ్రైవరైన ఆమె అన్నయ్య బస్సు నడపడం మానేశాడు. ఎవరూ మానమనలేదు. ఒక సాయంత్రం మసక వెలుతురులో బస్సు పక్కనే సైకిలు మీద ఒక మనిషి వస్తున్నాడు. అన్నయ్య తల పూర్తిగా అటు తిప్పేదాకా అతని కంటికి అక్కడ మనిషి లేనేలేడు. ఏ ప్రమాదమూ జరగలేదు. బస్సును డిపోలో పెట్టి, తాళాలు మేనేజరు బల్ల మీద పెట్టి, "ఇక నావల్ల కాదు సార్" అన్నాడు. రెటీనా అంచుల నుంచి లోపలికి చచ్చిపోతూ వస్తోందని డాక్టర్లు చెప్పారు. అప్పటినుంచి అతను బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఎక్కడ ఆగిందో చెబుతున్నాడు.

అతని రక్తం ల్యాబ్‌కు చేర్చింది చెల్లెలే. పక్కన పెట్టి పోల్చడానికి అదే ఇంట్లో జబ్బులేని మనిషిది కూడా కావాలని మేడమ్ అంటుండగానే చెయ్యి చాపింది. అన్నయ్య జబ్బు ఏ జన్యువులోదో అప్పటికింకా తేలలేదు. ఆమె చూపు శుభ్రంగా ఉంది కాబట్టి జబ్బులేనట్టే అనుకున్నారు.

"ఏదైనా తేలితే చెప్పమంటావా, వద్దా? ఇప్పుడే ఆలోచించుకో" అంది మేడమ్.

"చెప్పకపోతే నేనూరుకుంటానా మేడమ్?"

అన్నయ్య ప్లేట్లకు నీలం స్టిక్కర్ వేశారు, ఆమె ప్లేట్లకు పసుపు.

ఉండలు కట్టాక ఒకరోజు అన్నయ్య చూడ్డానికి వచ్చాడు. దారిలో స్టూలు తగిలి తూలాడు గానీ, మైక్రోస్కోపుకు కన్ను ఆనించగానే కుదురుకున్నాడు.

"ఇది నాకు బాగా అలవాటేనే. రోజంతా గొట్టంలోంచేగా చూస్తున్నా" అన్నాడు. ఇంకాసేపు చూసి, "ఇవన్నీ నేనేనా? ఒక్కడికి అన్నం పెట్టడానికే మీ వదిన సణుగుతుంది" అన్నాడు. మేడమ్ నవ్వింది. పిల్లి నవ్వలేదు. ఆ ఉండల అంచున నూగు పొట్టిగా, అక్కడక్కడా రాలిపోయి ఉండటం ఆమె అప్పటికే చూసింది.

పసుపు ప్లేట్లు కొంచెం ఆలస్యంగా మొదలుపెట్టినవి. వాటికి నూగు వచ్చే కాలం వచ్చింది. ఒక ఉదయం చూసింది. కళ్ళు తుడుచుకుని ఇంకోసారి చూసింది. అవే పొట్టి మొలకలు, అవే ఖాళీలు. నీలం ప్లేటు తెచ్చి పక్కన పెట్టింది. అన్నాచెల్లెళ్ళ మొహాల్లో ఎన్నడూ లేని పోలిక ఆ రెండు ప్లేట్లలో ఉంది.

ఆ రోజు పని సాగలేదు. చేతులు కడుక్కుని వచ్చి, మళ్ళీ కడుక్కోవడానికి వెళ్ళింది. వసారాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరిగింది. చివరికి మేడమ్ గదిలోకి వెళ్ళి, కూర్చోకుండానే చెప్పింది.

"మేడమ్, కలిపేసినట్టున్నాను. నీలంవి పసుపు ప్లేట్లోకి వెళ్ళిపోయాయి. నా చెయ్యే."

మేడమ్ వచ్చి చూసింది. చాలాసేపు చూసింది. "ఎప్పుడు కలిసుంటాయంటావు?"

"తెలీదు. నా సంగతి మీకు తెలుసుగా, ఒకచోట నిలవను."

నిజం చెప్పాలంటే ఆమె ఎప్పుడూ రెండు రంగులూ ఒకేసారి బయటికి తియ్యలేదు. ఆ ఒక్క విషయంలో మాత్రం భయభక్తులతో ఉండేది. అయినా తప్పు తనదే కావాలని గట్టిగా కోరుకుంది. తప్పయితే చీవాట్లతో పోతుంది. కాకపోతే? ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఉన్న రెండింటిలో నుయ్యే నయమనిపించింది.

ఏ ఉండలు ఎవరివో తేల్చే పరీక్షకు నమూనాలు పంపారు. ఫలితం వచ్చేదాకా పెట్టె తలుపు ముట్టుకోవద్దని మేడమ్ అంది. తోటి ఉద్యోగులు ఎదురుగా ఏమీ అనలేదు, కానీ ఆమె గదిలోకి వస్తే మాటలు ఆగిపోయేవి. ఏడాది కష్టం ఆమె తొందరపాటుతో మట్టిలో కలిసిందని వాళ్ళ అనుమానం. ఆమెకు ఆ అనుమానం హాయిగా ఉండేది. ఎవరైనా మొహంమీదే తిడితే ఇంకా హాయిగా ఉండేదేమో.

ఇంట్లో మాత్రం ముళ్ళమీద కూర్చున్నట్టు ఉండేది. పొద్దువాలే వేళ లైట్లు వెయ్యకుండా గదుల్లో తిరుగుతూ, ఎక్కడ ఏది కనబడుతోందో చూసుకునేది. బీరువా మూల మోచేతికి తగిలితే, వెనక్కి వెళ్ళి మళ్ళీ అదే దారిన నడిచి చూసుకునేది. భర్త స్విచ్ వెయ్యబోతే వద్దంది.

"ఏమైంది నీకు? కరెంటు ఆదా చేస్తున్నావా?"

"ఆ తలుపు పక్కన ఏముందో మీకు కనబడుతోందా?"

"లేదు. చీకటిగా ఉంటే ఎవరికి కనబడుతుంది? గొడుగుంటుంది, రోజూ అక్కడే ఉంటుంది గనక చెబుతున్నా."

ఆ జవాబుకు ఆమె ఉన్నట్టుండి ఏడ్చింది. ఆయన లైటు వెయ్యకుండానే వచ్చి పక్కన కూర్చున్నాడు. అప్పుడు చెప్పింది. పక్కగదిలో పాప పాఠం పైకి చదువుకుంటోంది. ఇద్దరూ ఆ గొంతు వింటూ ఉండిపోయారు.

ఫలితం వచ్చిన రోజు మేడమ్ ఆమెను పిలిచి, తలుపు వేసి, కుర్చీ చూపించింది. అంతలోనే అర్థమైపోయింది.

"నువ్వేమీ కలపలేదు. పసుపువి నీవే. మీ అన్నయ్య జన్యువు లోపం కూడా దొరికింది. అది నీలోనూ ఉంది."

"అంటే నాకూ..."

"పూర్తిగా విను. ఆ లోపం ఎక్స్ క్రోమోజోము మీద ఉంది. మగవాళ్ళకి అది ఒక్కటే ఉంటుంది, మీ అన్నయ్యకి చెడ్డదొచ్చింది. నీకు రెండున్నాయి, ఒకటి మంచిది, ఒకటి చెడ్డది. ఆడవాళ్ళ ఒంట్లో ఒక్కో కణం రెంటిలో ఒకదాన్ని నిద్రపుచ్చి, ఇంకోదాంతో బతుకుతుంది. పసుపు ప్లేట్లలో ఉండలన్నీ ఒకే కణం సంతానం. అది మంచిదాన్ని నిద్రపుచ్చిన కణం. నీ కంట్లో రెండు రకాలూ ఉండుంటాయి."

"ఉండుంటాయి, అంతేనా మేడమ్?"

"అంతే. చూపించుకుంటే తెలుస్తుంది."

చూపించుకుంది. రెటీనాలో కొన్నిచోట్ల పొర పలచబడిందనీ, ఎక్కువ భాగం బాగుందనీ డాక్టరు చెప్పాడు. ఇలాగే ఉండిపోవచ్చు, వయసు మీద పడ్డాక కొంత తగ్గవచ్చు. ఎంత, ఎప్పుడు అని ఆమె ఎన్ని రకాలుగా అడిగినా ముందే చెప్పలేమన్నాడు.

ఆసుపత్రి నుంచి తిన్నగా బస్టాండుకు వెళ్ళింది. అన్నయ్య గాజుగదిలో మైకు ముందున్నాడు. తలుపు దగ్గరే నిలబడి, మధ్యమధ్య అతను బస్సులు పిలుస్తుంటే ఆగుతూ, అంతా చెప్పింది. అతను ఏదో ఒక జోకు వేస్తాడని ఎదురుచూసింది. వెయ్యలేదు. అతని చెయ్యి మైకు బటన్ మీద అలాగే ఉండిపోయింది. బయట ఒక డ్రైవరు హారను కొట్టాడు. మళ్ళీ కొట్టాడు.

"అన్నయ్యా, బస్సు."

"పోనీ" అన్నాడు. "నాతో పోతుందనుకున్నానే. అదొక్కటే ధైర్యంగా ఉండేది నాకు."

కాస్త తేరుకున్నాక బస్సును పిలిచాడు, అది అప్పటికే కదిలిపోయింది. చెల్లెలు వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఎంతోసేపు కదల్లేదు. ఆమె అంతసేపు కూర్చోవడం తానెప్పుడూ ఎరగనని అతను తర్వాత ఇంట్లో చెప్పాడు.

"పాప సంగతి?" అని అడిగాడు చివరికి.

"సెలవుల్లో పరీక్ష చేయిద్దామంటారు మా ఆయన. పెద్దదయ్యాక దానిష్టానికే వదిలెయ్యాలని మేడమ్ అంది. నాకేమో ఇవాళే తెలిసిపోవాలని ఉంది."

"నీకెప్పుడూ ఇవాళే కావాలి. అవి నీ కళ్ళు కాదు, దానివి. దాన్ని ఎదగనీ."

ఆమె ఒప్పుకుంది. ఒప్పుకున్నా మనసు ఒప్పుకోలేదు. పాప చీకట్లో చెప్పులు వెతుక్కుంటే ఇప్పటికీ ఆమె చేతిలో పని ఆపి చూస్తూనే ఉంది.

అదే రక్తం నుంచి మేడమ్ ఇంకో కణాన్ని ఎంచి పెంచమంది. ఈసారి చెడ్డదాన్ని నిద్రపుచ్చిన కణం. ఒకే మనిషివి, ఒకటి తప్ప అన్నీ ఒకటే అయిన రెండు రకాల ఉండలు పక్కపక్కన ఉంటే పోల్చడానికి అంతకంటే ఏం కావాలి అంది. నెలలు పట్టింది. ఈ కొత్తవాటికి నూగు వచ్చింది, ఒత్తుగా, అంచు చుట్టూ. వాటి మీద మందులు పరీక్షించడం ఇప్పుడిప్పుడే మొదలైంది. దేనికీ ఇంకా ఫలితం రాలేదు. అన్నయ్య చూపు మాత్రం తగ్గుతూనే ఉంది, నిరుటికీ ఇప్పటికీ ఇంకొంచెం ఇరుకైంది.

వీటికి ఏ రంగు స్టిక్కర్ వెయ్యమంటావని మేడమ్ అడిగితే, ఏదో ఒకటి వెయ్యండి, ముందు వాటికి మేత మార్చే వేళయింది అంటూ ఆమె చేతి తొడుగులు వేసుకుంది.