పొయ్యిలు ఆర్పిన వీధి

తన చెల్లెలు కాపురముండే వీధిలో ఆమెను అందరూ గాలి మేడమ్ అంటారు. ఉద్యోగం అలాంటిది. ఆమె పనిచేసే ప్రయోగశాలలో గదంత పెద్ద పారదర్శకమైన సంచి వేలాడుతుంటుంది. అందులో శుభ్రమైన గాలి నింపి, కాస్త రసాయనపు ఆవిరి వదిలి, ఎండను పోలిన దీపాలు వెలిగిస్తుంది. కాసేపటికి ఆ గాలిలో కంటికి ఆనని రేణువులు పుడతాయి. ఎన్ని పుడతాయో కంప్యూటర్‌లోని మోడల్ ముందే చెప్పాలి. చెప్పిన లెక్కా, పుట్టిన లెక్కా కలిస్తే మోడల్ మంచిది. కలవకపోతే ఆమెకు అన్నం సయించదు.

ఈసారి కలవలేదు. అదీ సొంత చెల్లెలి వీధి విషయంలో.

ఆ వీధి వెనక రంగుల ఫ్యాక్టరీ ఉంది. ఒకప్పుడు అక్కడ రంగు పలచన చేసే థిన్నర్ కంపుకు తలలు పగిలిపోయేవి. జనం గొడవ చేస్తే యాజమాన్యం వాసన లేని థిన్నర్‌కు మారి, తన భుజం తానే తట్టుకుంది. వాసన పోయింది గానీ, మధ్యాహ్నానికల్లా వీధిని కమ్మే మసక పోలేదు. చెల్లెలి కూతురి ఆయాసమూ పోలేదు. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ రెండో యూనిట్‌కు అనుమతి అడుగుతోంది. మసక ఎవరి పుణ్యమో తేల్చే పనిని అనుమతులిచ్చే కమిటీ ఆమె ప్రయోగశాలకు అప్పగించింది.

కొత్త థిన్నర్‌లో ఏముందో ఫ్యాక్టరీ చెప్పదు. వ్యాపార రహస్యమట! ఏముందో తెలియనిదాన్ని మోడల్‌లోకి ఎక్కించేదెలా? పాత రసాయనాలతోనే లెక్క కడితే, మసకలో మూడో వంతు మాత్రమే ఫ్యాక్టరీదని తేలింది. దుకాణంలో ఆ కంపెనీ థిన్నర్ డబ్బానే కొని ఆవిరిని సంచిలో వదిలితే రేణువులు ఇబ్బడిముబ్బడిగా పుట్టాయి. కమిటీ దాన్ని పక్కన పెట్టింది. ఆమోదం పొందిన మోడల్ మాటే మాటంది. మరి మిగతా రెండు వంతులు? “బహుశా ఆ వీధి వంటపొయ్యిలవి” అని నివేదిక ముసాయిదాలో రాసుకున్నారు.

ఆ సంగతి చెల్లెలి దగ్గర ఆమె నోరు జారి చెప్పేసింది.

“మా ఉల్లిపాయల పోపుకు ఇంత మసకా? అన్నేసి ఉల్లిపాయలు కొనే యోగం మాకెక్కడిదక్కా!” అని చెల్లెలు మండిపడింది.

పక్కింటి బామ్మ విననే వింది. “అయితే ఒక రోజు పొయ్యి వెలిగించం. వచ్చి కొలుచుకోండి.”

ఒక రోజు కొలతకు విలువుండదని గాలి మేడమ్‌కు తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు. ఫ్యాక్టరీ నడిచే రోజే చూసుకుని వీధి వీధంతా పొయ్యిలు ఆర్పేసింది. ఆమె చెల్లెలి డాబా మీద యంత్రం పెట్టుకుని కూర్చుంది.

చెల్లెలి మొగుడు పైకొచ్చి పొట్ట తడుముకున్నాడు. “వదినా, ఇక్కడ ఎలుకలు పరుగెడుతున్నాయి. మీ మిషన్ వాటిని కూడా లెక్కేస్తుందా?”

మధ్యాహ్నం మసక కమ్మింది. నిన్నటంత దట్టంగానే. ఆమె ఆత్రంగా పై అధికారికి ఫోన్ చేసింది.

“అది పొయ్యిల పొగ కాదని నాకు తెలియదా అమ్మా?” అన్నాడాయన. మంచివాడే. “ఒక్క రోజు కొలతను కమిటీ లెక్కచెయ్యదు. గాలి ఎటునుంచి వీచిందంటారు, నిన్నటి పొగ మిగిలిందంటారు.”

“పోనీ, మోడల్‌లో ఒక్క అంకె పెంచితే కుదిరిపోతుంది కద సార్.”

“ఎందుకు కుదరదు? ఇవాళ నువ్వు పెంచు. రేపు వాళ్ల నిపుణుడొచ్చి దించుతాడు. అప్పుడు ఏ మొహం పెట్టుకుని తప్పంటావు?”

ఆమె ఫోన్ పెట్టేసింది. పేరు దాచుకున్న రసాయనం మీద నేరం మోపే దారి లేదు. దాచుకోవడానికేమీ లేని పొయ్యి మీద మోపడానికి ‘బహుశా’ అన్న ఒక్క మాట సరిపోయింది.

సాయంత్రం ఆమె కిందికి దిగేసరికి జనమంతా గుమ్మాల్లోనే ఉన్నారు. పిల్లలు పొద్దుటి నుంచీ అరటిపళ్లు, బిస్కెట్ల మీదే ఉన్నారు.

“తేలిందా మేడమ్?” అంది బామ్మ.

“మసక ఏమీ తగ్గలేదు బామ్మా.”

వీధంతా ఈలలు వేసింది. “చూశారా, మాది కాదు!” అని ఎవరో అరిచారు. గెలిచామనుకున్నారు. ఆమె ‘కానీ’ అనబోయింది. ఆ గోలలో ఎవరికీ వినబడలేదు. రెండోసారి అనే ధైర్యం ఆమెకు లేకపోయింది.

ఆమె మొహం చూసింది బామ్మ ఒక్కతే. దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. “ఒక రోజు చాలదంటే మొహమాటపడకు తల్లీ. రేపూ వెలిగించం.”

లోపల పిల్ల ఆయాసపడుతోంది. పాలు కాచడానికి అగ్గిపెట్టె తీసిన చెల్లెలు, బామ్మ మాట విని అక్క వైపు చూసింది. అగ్గిపెట్టెను మళ్లీ అరలో పెట్టేసింది.