బాబాయికి అలుపొచ్చింది

అలుపు బాబాయికి మెత్తటి కుర్చీ తెచ్చిపెట్టడం నేను చేసిన తెలివితక్కువ పనులన్నిట్లోకీ పెద్దది. రెండోది మేకప్ ఆవిడ పౌడరు డబ్బాలో సుద్దపొడి కలపడం. దాని సంగతి ఇక్కడ అనవసరం.

బాబాయి వయొలిన్ వాయిస్తాడు. అది వృత్తి. అలిసిపోవడం ప్రవృత్తి. మెట్లెక్కితే అలుపు, దిగితే అలుపు. పొద్దున్నే "బాగున్నావా బాబాయ్" అంటే, "ఇప్పుడే కదరా లేచాను, అప్పుడే అలిసిపోయాను" అంటాడు. జోకు చెబితే "ఓపిక లేదురా, నవ్వాననుకో" అని చెయ్యి ఊపేస్తాడు. ఆయన తుమ్మును కూడా సగంలో ఆపేస్తాడని నేను సినిమా యూనిట్ అంతా ప్రచారం చేశాను. చాలామంది నమ్మారు.

అప్పుడు మేం తీస్తున్న సినిమాలో ఒక పడగ్గది సీను ఉంది. పెళ్లై చాలా ఏళ్లయి, ఒకళ్లనొకళ్లు ముట్టుకోవడమే మర్చిపోయిన మొగుడూ పెళ్లాలు మళ్లీ దగ్గరవుతారు. దీపం ఆర్పెయ్యడం, పువ్వు మీద తుమ్మెదని చూపించడం లాంటి దొంగదార్లు తన దగ్గర కుదరవని డైరెక్టరమ్మ ముందే చెప్పేసింది.

"ఇద్దరూ ముదిరిన మనుషులు. మోజూ ఉంది, మొహమాటమూ ఉంది. రెండూ కనపడాలి. వయొలిన్ కూడా అక్కడే, అప్పుడే వాయించాలి. ముందే రికార్డు చేసి పెడితే మనుషులు పాటకి తగ్గట్టు కదుల్తారు. నాకు మనుషులకి తగ్గట్టు పాట కావాలి."

అందుకని గదిలోంచి అందర్నీ పంపేశారు. మిగిలింది డైరెక్టరమ్మ, కెమెరా ఆయన, పొడుగు కర్రకి మైకు కట్టి పట్టుకునే నేను. మంచం కాళ్లవైపు చెక్క తెర అడ్డం పెట్టి, దాని వెనక బాబాయిని కూర్చోబెట్టారు. ఆయన వాళ్ల ఊపిరి వింటూ వాయించాలి. ఆపితే షాట్ ఆగిపోయినట్టే.

భార్య వేషం వేసినావిడ నాటకాల్లో నలిగిన మనిషి. మేం అక్కా అంటాం. భర్త వేషం వేసినాయన సినిమాల్లో ఫైటింగులు చేసేవాడు, మేం అన్నా అంటాం. పదిమందిని ఒంటిచేత్తో గోడకేసి కొట్టే మనిషి, ఇన్నేళ్లకి దొరికిన నటించే వేషమని ఊరంతా చెప్పుకున్నాడు.

మొదలుపెట్టారు. వయొలిన్ సన్నగా అందుకుంది. అన్న అక్క వైపు ఒరిగాడు. వయొలిన్ ఆగిపోయింది.

"నడుం పట్టేసిందమ్మా. కాస్త ఆగుదాం" అన్నాడు బాబాయి.

ఆగాం. అన్న కిటికీ దగ్గరికెళ్లి చెంబెడు నీళ్లు తాగొచ్చాడు. మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి బాబాయికి భుజం లాగింది. తర్వాత చెమటకి చేతిలోంచి వయొలిన్ కమాను జారింది. మధ్యాహ్నానికి లైట్ల వేడికి అందరం వాడిపోయాం. నా కర్ర నాకంటే బరువెక్కింది.

"సాయంత్రంలోగా ఈ షాట్ అవ్వకపోతే రేపు వేరే వయొలిన్ ఆయన్ని పిలుస్తాను" అంది డైరెక్టరమ్మ.

బాబాయి లేని యూనిట్‌లో నేనెవర్ని ఏడిపించాలి? ప్రొడ్యూసరు గదిలోంచి మెత్తటి కుర్చీ ఎత్తుకొచ్చాను. చప్పుడు చెయ్యని ఫ్యాను పెట్టాను. భుజానికి దిండు, చెమటకి తువ్వాలు ఇచ్చాను.

"ఇప్పుడు అలిసిపో బాబాయ్, చూస్తాను."

"నీ మంచితనం మండ" అన్నాడు. ఎంత మొహమాటస్తుడో అనుకున్నాను.

ఈసారి వయొలిన్ ఆగలేదు. సాగుతూ సాగుతూ ఉన్నట్టుండి పిల్లి తోక తొక్కినట్టు కీచుమంది. నిద్రలో కూడా అపస్వరం పలికించని మనిషి ఆయన.

"వయసైపోయింది మీకు. చేతకాకపోతే చెప్పెయ్యండి" అంది డైరెక్టరమ్మ విసుగ్గా.

"చేతకావట్లేదమ్మా" అన్నాడు బాబాయి, తల దించుకుని.

నాకు మండింది. తెర వెనక్కి వెళ్లి, "ఏంటి బాబాయ్ ఇది?" అని గొణిగాను. ఆయన తెర పలకల మధ్య సందు చూపించాడు. అందులోంచి కనపడేవి నాలుగు పాదాలే. రెండు హాయిగా పడి ఉన్నాయి. పెద్ద పాదాలు రెండిటికీ వేళ్లు ముడుచుకుని దుప్పటిని పట్టుకుని ఉన్నాయి.

"పొద్దున్నించీ అంతేరా. అవి ముడుచుకున్నప్పుడల్లా నాకు అలుపొస్తోంది."

"ఆపమని అన్నే అడగొచ్చుగా?"

"అంత లావు మనిషి ఎలా అడుగుతాడు?"

అంతలో మంచం మీంచి అన్న గొంతు వినిపించింది. "ఆయన్నేం అనకండి మేడం. తప్పు నాది. నాకు భయంగా ఉంది. చెయ్యి ఎక్కడ వెయ్యాలో తెలియట్లేదు. ఆగుదామనడానికి సిగ్గేసింది."

అక్క నవ్వింది.

"ఈ ముక్క పొద్దున చెబితే ఏం పోయేది నాయనా? నా మెడ మీద వెయ్యి. నాకు ఇబ్బందైతే నేను తీసేస్తాను. నీకైతే నువ్వు తీసెయ్."

డైరెక్టరమ్మ నేలమీదే కూలబడింది. "అడగాల్సింది నేను. అడగలేదు. ఇకనించి ఎవరు ఆపమన్నా ఆపుదాం. కానీ ఆ భయం దాచకు. ఆ మొగుడికీ ఉంటుంది." తర్వాత తెర వైపు తిరిగి, "బాబాయిగారూ, నోరు జారాను" అంది.

"కోపం తెచ్చుకునే ఓపిక లేదమ్మా. మొదలుపెట్టు."

నేను మళ్లీ కర్ర ఎత్తాను. అన్న చెయ్యి అక్క మెడ మీద పడింది, భయం భయంగానే. అక్క తన పాదాన్ని ఆయన పాదం మీద ఆనించింది. ముడుచుకున్న వేళ్లు మెల్లగా విచ్చుకున్నాయి. ఆయన ఆవిడ భుజాన్ని ముద్దుపెట్టుకున్నాడు. మోచెయ్యి కింద జుట్టు ఇరుక్కుంటే ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వుకి వయొలిన్ ఆగి దారిచ్చింది. నవ్వు ఊపిరిగా మారి బరువెక్కాక మళ్లీ అందుకుంది. ఒకళ్లకొకళ్లు కావాలనుకునే మనుషులు అలాగే ఉంటారు కాబోలు. నేను ఒక్క వెధవ జోకు కూడా వెయ్యలేదు. పాట చివరిదాకా సాగింది.

డైరెక్టరమ్మ కళ్లు తుడుచుకుంటూ చాలంది. అన్న లేచి చొక్కా వేసుకుని, తెర వెనక్కి వచ్చి, బాబాయికి విసనకర్రతో విసరడం మొదలుపెట్టాడు.

అందరూ వెళ్లాక బాబాయిని పట్టుకున్నాను. "అన్న సంగతి నాకు ముందే చెప్పొచ్చుగా బాబాయ్? నేను నీ మనిషినేగా?"

ఆయన వయొలిన్ పెట్టె మూసి ఆవలించాడు.

"నీ చేతిలో ఉన్నదేంట్రా?"

"మైకు."

"అందుకే."