పాసిర్ రిస్‌లో ప్లేగు పాఠం

మా ఆయన పనిచేసే బ్యాంకు ప్రాజెక్టు ఆగిపోతుందని తెలిసిన వారంలోనే నాకు డెమో క్లాసుకు పిలుపొచ్చింది. గుంటూరులో ఆరేళ్లు డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పాను. సింగపూర్ వచ్చాక ఆ చదువు ఎవరికీ అక్కరలేకపోయింది. ఎవరింటికి వెళ్లినా జావా నేర్చుకోమనేవారు. చివరికి పాసిర్ రిస్‌లో ఒక ట్యూషన్ సెంటర్‌కి, ఇంటర్నేషనల్ స్కూలు పిల్లలకు మధ్యయుగపు యూరప్ చెప్పే మనిషి కావాల్సి వచ్చింది.

డెమో క్లాసు రోజే మూడింటికి చాంగీ బిజినెస్ పార్క్‌లో మా ఆయన్ని మీటింగుకు రమ్మన్నారు. ఉద్యోగం పోతే, ఈ దేశంలో ఉండనిచ్చే ఆయన పాస్ రద్దవుతుంది, దాంతోపాటు నాదీ. అదే మూడింటికి నేను పిల్లల ముందు నిలబడ్డాను. సెంటర్ నడిపే చైనీస్ ఆవిడ వెనక కూర్చుని నోట్‌బుక్ తెరిచింది.

ప్లేగుతో మొదలుపెట్టాను. ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. పొలం పనికి మనుషులు కరువయ్యారు. బతికినవాళ్లు ఎక్కువ కూలి అడిగితే, పాత కూలికే చేయాలని రాజులు చట్టాలు తెచ్చారు. ఎంత ప్రార్థించినా చావులు ఆగలేదని, చర్చి మీద కొందరికి నమ్మకం సడలిందని చెప్పబోతుంటే బల్ల మీది ఫోన్ వణికింది. మాట తెగిపోయింది. ఒక్క ఇంగ్లీషు ముక్క నోటికి రాలేదు.

ముందు వరుసలో కూర్చున్న తెలుగమ్మాయి చెయ్యెత్తి, సింగపూర్ యాస ఇంగ్లీషులో అడిగింది.

"టీచర్, వై డోంట్ దే జస్ట్ గో లా?"

ఆ రైతులు వేరే దొర దగ్గరికి పోవచ్చు కదా అని ఆమె సందేహం. అనుమతి లేకుండా దొర భూమి వదలకూడదనీ, పారిపోతే పట్టుకొచ్చేవారనీ చెప్పాను. అయినా పారిపోయారు, పక్క ఊరి దొరకూ మనుషులు కావాలి కాబట్టి, ఎక్కణ్ణుంచి వచ్చావని అడక్కుండా పనిలో పెట్టుకున్నాడు. చెబుతున్నది వాళ్ల గురించో మా గురించో నాకే తెలియలేదు.

క్లాసయ్యాక సెంటర్ ఆవిడ సోమవారం నుంచి రమ్మంది. పాస్ ఎప్పటిదాకా ఉందని అడిగింది. అప్పుడు ఫోన్ చూశాను. "ఉద్యోగం లేదన్నారు. నెలాఖరు దాకే," అని మా ఆయన మెసేజ్. దాచాలనిపించింది, కానీ ఫోన్ ఆవిడ ముందు పెట్టి అర్థం చెప్పాను.

ఆవిడ నోట్‌బుక్ మూసింది. "నెలాఖరు దాకా చెప్పండి," అంది.

నెలాఖరు దాకా మిగిలిన ఆ మూడు వారాలూ మా ఆయన ఇంటర్వ్యూలకు తిరిగాడు. నెలాఖరుకు నాలుగు రోజుల ముందు ఇంకో కంపెనీ తీసుకుంది. ఆ సెంటర్‌లో నేను ఐదేళ్లు చెప్పాను. ఆ మూడు వారాల్లో ఏం పాఠాలు చెప్పానో మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రాదు.