నలుచదరపు గుంత

నిజాం పాలన పోయిన మరుసటి ఏడు, సైన్యం లారీలు తిరిగీ తిరిగీ సూర్యాపేట నుంచి కోదాడ పోయే తారు రోడ్డు గుంతలు పడింది. వాటిని పూడ్చే ముఠాల్లో ఒకదానికి నేను మేస్త్రీని. అప్పటికి దొరలుగా మేం ఏలిన మా గడీ కూలింది, భూములు పోయాయి, నాన్న పోయాడు. అమ్మకూ నాకూ ఆ కొలువు తప్ప వేరే ఆధారం లేదు. అయినా తాతగారి తలపాగా చుట్టుకునే పనికి పోయేవాణ్ని. నవ్వేవాళ్లు నవ్వారు. నేను తీయలేదు.

మా ముఠాలో సగం మంది ఒకప్పుడు మా గడీకి వెట్టి చేసినవాళ్లే.

ఒక ఉదయం ఓవర్సియర్ సైకిలు మీద వచ్చాడు. కోదాడ మనిషి. మధ్యాహ్నం పెద్ద ఇంజనీరు జీపులో వస్తున్నాడని, ఆలోపు గుంతలన్నీ పూడ్చెయ్యాలని చెప్పి పోయాడు. ముందురోజు వాన పడింది. గుంతల నిండా నీళ్లు. అంత తొందరగా పూడ్చడమంటే బురద మీదే కంకర పోసి, పైన తారు పొయ్యడం. చూపుకు నల్లగా ఉంటుంది, నాలుగు లారీలు పోతే లేచిపోతుంది.

ఆ పద్ధతి నాకు కొత్త కాదు. పట్నం నుంచి అధికారి వస్తున్నాడంటే మా నాన్న ఊరినంతా వెట్టికి పిలిపించి, బాట గుంతల్లో మొరం మట్టి పోయించి నీళ్లు చల్లించేవాడు. అధికారి మోటారు వెళ్లిపోయాక ఆ మొరం దుమ్మై లేచేది. మళ్లీ ఇంకో అధికారి వచ్చేదాకా ఎడ్ల కాళ్లు విరిగినా పట్టించుకునే దిక్కు లేదు.

మా వంతుకు వచ్చిన, అన్నిటికన్నా పెద్ద గుంత దగ్గర నిలబడి, "నీళ్లు ఎత్తిపోయుండ్రి. అంచులు కొయ్యాలె" అన్నాను.

మా గడీ వాకిలి ఊడ్చిన పెద్దామె తట్ట పట్టుకుని నవ్వింది. "గిదేంది దొరా? మీ నాయినైతె గీపాటికి మొరం పోపిచ్చి, పందిరి గూడ ఏపిస్తుండె."

"అందుకే కొయ్యమంటున్న."

"కోసుడు గూడ మేమేనా?"

గడ్డపార నేనే అందుకున్నాను.

"ఆ నడుము వంగుతదా?" అని వెనకనుంచి ఇంకొకామె. అందరూ నవ్వారు.

"సూడుండ్రి" అన్నాను.

వదులైన తారు పెచ్చులన్నీ గట్టి అంచు తగిలేదాకా తీయాలి. గుండ్రంగా వదిలేస్తే అతుకు నిలవదు. అంచులు నిటారుగా, గుంత నలుచదరంగా ఉండాలి. బురద గోకి గట్టి నేల తేలేసరికి గుంత రెండింతలైంది. ఎర్రగుడ్డ కట్టిన కర్ర పాతి, అడుగు ఎండకు వదిలేశాను.

జీపు వచ్చేసరికి గుంత అలాగే ఉంది. సైకిలుతో అక్కడే కాచుకున్న ఓవర్సియర్ ముందుకు వచ్చాడు.

"పూడ్చమంటే ఇంకా తవ్వావేంటయ్యా!"

"తడి ఆరలే. ఆరినంక పూడుస్త."

"ఇదేమన్నా మీ గడీ అనుకున్నావా?"

"గడీ అయితె ఈపాటికి మొరం పోపిచ్చెటోణ్ని."

పెద్దామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంజనీరు దిగనైనా దిగలేదు. "ఇతన్ని మిర్యాలగూడ కంకర రోడ్డుకు పంపించు" అన్నాడు. జీపు రోడ్డు దిగి, గుంత పక్కనుంచి పోయింది.

"విన్నావుగా? రేపటినుంచి అక్కడ దుమ్ము తిను. ముందు దీన్ని పూడ్చు."

"ఆరినంక."

ఓవర్సియర్ ముఠా వైపు తిరిగి కంకర పొయ్యమని అరిచాడు. పెద్దామె తట్ట బోర్లించి దాని మీద కూచుంది.

"తడి ఆరలే సారూ. మా మేస్త్రీ ఆరినంకనే అన్నడు."

ఆమె నన్ను దొర అనకుండా మేస్త్రీ అనడం అదే మొదలు. ఓవర్సియర్ సైకిలెక్కి పోయాడు.

పొద్దు వాలే వేళకు అడుగు ఎండింది. ఈత చీపురుతో దుమ్ము ఊడ్చి, అడుగుకూ అంచులకూ కాగిన తారు పూశాం. తారు కలిపిన కంకర పొరలుగా పోసి, ప్రతి పొరనూ దిమ్మిసతో కొట్టాం. పై పొరను రోడ్డుకన్నా కొంచెం ఎత్తుగా వదిలాం. లారీలే దాన్ని అణగదొక్కుతాయి.

మర్నాడు మిర్యాలగూడ వెళ్లాను. దుమ్ము తిన్నాను. తలపాగా తీయలేదు.

వానలు వెనకబట్టాక అమ్మతో కోదాడ నుంచి సూర్యాపేటకు బస్సులో వస్తున్నాను. ఇంజనీరు రాకకోసం మిగతా ముఠాలు బురద మీదే పూడ్చిన గుంతలన్నీ మళ్లీ తేలాయి. జనం ముందు సీట్ల కడ్డీలు పట్టుకుని ఊగుతున్నారు. మా గుంత చోటు దగ్గరపడగానే నేను కడ్డీ వదిలేశాను.

"పట్టుకో బిడ్డా, పడతవ్!" అంది అమ్మ.

"పడను" అని నడుము నిటారుగా పెట్టి కూచున్నాను. బస్సు మెత్తగా దాటిపోయింది.