మొదటి దండ

మా ముత్తాత నారపరెడ్డి, తాత ఓబుళరెడ్డి పెనుకొండ దగ్గర మా ఊరికి పెద్దలు. ఊళ్లో ఎవరు పోయినా మొదటి దండ మా ఇంటివాళ్లే వేయాలి.

మొన్నటి యుద్ధమప్పుడు హిందూపురంలో జెండాల ఊరేగింపు పోతుంటే బంతిపూల వాసన తగిలి, కార్గిల్ నాటి ఒక పొద్దు గుర్తొచ్చింది. మా గొర్రెలు కాసే నరసప్ప కొడుకు సైన్యంలో చనిపోయి, పెట్టెలో ఊరికి వచ్చాడు. నాయన దండ వేశాడు. అందరూ జై కొడుతుంటే ఆయన మాత్రం పలకలేదు.

"ఏం రెడ్డీ, జై అనేదానికి నోరు రాలేదా?" అన్నాడు జెండా పట్టుకున్న ఒకాయన.

"ఈ పిల్లోని నాయన ఈడ ఏడుస్తాండాడు. యుద్ధం ఆపండని అడగల్ల గానీ, జై యాలప్పా?"

"శత్రువు మనిషి మాదిరి మాట్లాడతాండాడే!"

నాయన నిజంగానే శత్రువుల్లో కలిశాడనుకున్నాను. పదేళ్లవాణ్ణి, సిగ్గు పట్టలేక పెట్టె ముందుకు దూరి గొంతు చించుకుని జై కొట్టాను. "కొడుకు మగోడబ్బా!" అంటూ నన్ను భుజాలకెత్తుకున్నారు. ఆ ఎత్తు నుంచి, ఒక్కడే ఇంటికి పోతున్న నాయన కనిపించాడు. మా ఇంటి పెద్దరికం ఆయన వెంటే పోయిందని ఇప్పుడు తెలుసు.

ఆ ఏడు వాన పడ్డాక మా చేలో శెనక్కాయ విత్తడానికి ఒక్క కూలీ రాలేదు. నరసప్ప ఒక్కడే వచ్చి గట్టున కూర్చున్నాడు. మరుసటి ఏడు ఆ పన్నెండెకరాలూ అమ్మేశాం.