జమీందారు గారి నల్ల పెన్ను

నలభై ఏళ్ళు దాటింది ఈ బరువు మొయ్యడం మొదలుపెట్టి. ఇంట్లో వాళ్ళకి చెప్పలేదు. మీకు చెబుతున్నాను. నేనొక పెన్ను దొంగిలించాను. దొంగిలించి, దానిమీద చెక్కి ఉన్న మనిషి పేరు అరగదీశాను.

ఉప్పెన వచ్చిన మరుసటి ఏడాది. బందరులో ఒక పెద్దాయన తన మేడలో రెండు గదులు ఖాళీ చేయించి, పాత పెన్నులూ సిరాబుడ్లూ అద్దాల బీరువాల్లో పెట్టి మ్యూజియం తెరవబోతున్నాడు. వాటిని బాగుచేసే పని నాది. లేతు మీద పెన్నులు తయారుచెయ్యడం మా నాన్న దగ్గర నేర్చుకున్నాను.

దివిసీమ మనిషి, ఒకావిడ నా దగ్గరికి వచ్చింది. భర్త మిషన్ బడిలో మాస్టారు. ఉప్పెనలో పోయాడు. ఇల్లూ పోయింది, ఫోటో ఒక్కటీ మిగల్లేదు. బురదలో ఆయన పేరు చెక్కిన పెన్ను మాత్రం దొరికింది. మూత బిగుసుకుపోయింది, తీసి ఇమ్మంది. గుడివాడలో అక్కగారింట్లో ఉంటున్నానని, నెలకి వస్తానని చెప్పి వెళ్ళింది.

పెన్ను పెద్దాయన కంట పడింది. ఫలానా జమీందారు గారి పెన్ను అని బీరువాలో పెట్టే కార్డు ఆయన ముందే అచ్చు వేయించాడు. ఆ పెన్ను ఎక్కడా దొరకలేదు. ప్రారంభానికి జిల్లా పెద్దలంతా వస్తున్నారు. "ఇదే పెట్టు. ఆ పేరు తీసెయ్" అన్నాడు. కాదంటే ఏమయ్యేది? పని పోయేది. పోతే పోయేది! చేతిలో విద్య ఉన్నవాణ్ణి, ఇంకోచోట బతకలేకపోయేవాణ్ణా? ఆ ప్రశ్న ఆరోజు వేసుకోలేదు. మూత ఊడదీసి, పేరున్న చోట వెంట్రుకవాసి మందం తీసి, మెరుగు పెట్టాను. పాళీ మాత్రం మార్చలేదు. అంత బాగా అరిగిన పాళీ తీసెయ్యడానికి నా పనితనం ఒప్పుకోలేదు. సిగ్గులేని పనితనం!

నెల తర్వాత, మ్యూజియం తెరిచాక, ఆవిడ మేడకే వచ్చింది.

"విరిగిపోయిందమ్మా. ఉప్పుకి గుల్లబారింది" అన్నాను.

"పోనీ ఆ ముక్కలైనా ఇప్పించండి అన్నయ్యగారూ. ఆయన పట్టుకున్నవి కదండీ."

"పారేశాను."

ఏడవలేదు. వెళ్ళబోతూ బీరువా దగ్గర ఆగి, మూత తీసి పెట్టిన ఆ పెన్నుని వంగి చూసింది. ఇరవై ఏళ్ళు రోజూ పొద్దున్నే ఆ పెన్నులో సిరా పోసి, పాళీ తుడిచి ఇచ్చింది ఆవిడే. ఎడంచేత్తో రాసేవాళ్ళ పాళీ వేరే పక్కకి అరుగుతుంది.

"జమీందారు గారిది కూడా ఎడంచేతి వాటమేనాండీ?"

"అవునమ్మా" అన్నాను.

ఆవిడకి తెలిసిపోయింది. తెలిసిపోయిందని నాకూ తెలుసు. నా మొహంలోకి ఒకసారి చూసి, మెట్లు దిగిపోయింది. ఎవరితో అంటుంది? అంతంత పెద్దవాళ్ళు పొగిడి వెళ్ళిన పెన్ను తనదంటే ఎవరు నమ్ముతారు?

చాలాకాలం పెద్దాయన్ని తిట్టుకుంటూ బతికాను. చెప్పింది వాడే, చేయించింది వాడే అని. తిట్టుకోవడం హాయిగానే ఉండేది. కానీ బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుంది? నా జేబులో. తెరిచి ఆవిడ చేతిలో పెట్టడానికి అరనిమిషం చాలు. పెట్టలేదు. ఆ తర్వాత గుడివాడ ఎన్నిసార్లు వెళ్ళలేదు నేను! ఒక్కసారైనా ఆ ఇల్లు వెతికానా?

ఇప్పుడు ఆవిడ ఉందో లేదో తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించడానికి మీరెవరు? అబద్ధం చెప్పాను, ఆ పెన్ను ఆవిడ భర్తది. ఇంతే. ఈ ముక్క రాయగానే గుండె తేలికపడింది. ఇంత సులువుగా తేలికపడినందుకు నామీద నాకే ఒళ్ళు మండిపోతోంది.